పిట్టలు చెప్పిన కబురు

ఆ వీధిలో అందరూ ఆవిడని ఆపరేటరమ్మ అంటారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని, ప్లగ్గులు పీకుతూ గుచ్చుతూ, ఊరివాళ్ల మంచీ చెడ్డా ఒక చెవి నుంచి ఇంకో చెవికి దాటిస్తూ ఉద్యోగమంతా గడిపింది. అవతలివాళ్లు "హలో" అన్న తీరును బట్టి పెళ్లి కుదిరిందో ప్రాణం పోయిందో చెప్పేసేదని పేరు. ఆవిడ రిటైరైంది గానీ ఆ చెవులు రిటైరు కాలేదు. కళ్లే ముందుగా చేతులెత్తేశాయి. రెండింటికీ పొర కమ్మింది. ఆపరేషన్ చేయించుకోమని కోడలు పోరుతూనే ఉంది, ఎండలు తగ్గాక చూద్దామని ఈవిడ అంటూనే ఉంది. ఆ ఊళ్లో ఎండలు తగ్గేదెప్పుడు, ఈవిడ చేయించుకునేదెప్పుడు!

కాబట్టి ఆపరేటరమ్మ పిట్టల్ని చూడదు, వింటుంది. వెనక వసారాలో కుర్చీ వేసుకుని, నొప్పుల మోకాళ్లు ముందుకి చాపుకుని, పెరట్లో ఏ కొమ్మ మీద ఎవరు ఎవరితో ఏమంటున్నారో వినడమే ఆవిడ కాలక్షేపం. జామచెట్టు పిగిలిపిట్టలది. మందార కంచె ఆకులు కుట్టుకుని కాపురం చేసే బుల్లిపిట్టది. నేలమీద ఎండుటాకులు తిరగేస్తూ గుంపుగా తిరిగే బూడిదరంగు పిట్టలకి పంచాయితీ పిట్టలని ఆవిడే పేరు పెట్టింది. పొద్దున లేచింది మొదలు వాటి తగువు ఒక పట్టాన తెగదు. వాటి కోసం మట్టి మూకుడులో నీళ్లు పోసి నేలమీదే పెడుతుంది. ఆ నీళ్లకి కప్పలూ చేరతాయి, కప్పలకోసం ఇంకేవో వస్తాయి. ఆ సంగతి ఆవిడకి తెలియక కాదు, తెలియనట్టు ఉంటుందంతే.

అన్నిటికంటే ముద్దు తేనెపిట్ట. వెనక గది కిటికీకి బిగించిన కూలర్ మీదుగా కాగితపు పూల తీగ పాకి, గోడంతా కప్పేసింది. ఆ తీగ కొసకి చిన్న సంచీలా వేలాడే గూడు కట్టింది తేనెపిట్ట. లోపల పిల్లలున్నాయి. తీగ కత్తిరిద్దామని కోడలు ఎన్నిసార్లు కత్తెర పట్టుకుని బయల్దేరినా, "పిల్లలు ఎగిరిపోనీ అమ్మాయ్, అప్పుడు నేనే నరికిస్తా" అని అడ్డం పడుతుంది.

కోడలు హాస్పిటల్లో ఎక్స్‌రేలు తీస్తుంది. కంటితో చూస్తేగానీ నమ్మే రకం కాదు. చెయ్యి విరిగిందని మనిషి లబోదిబోమంటున్నా ఫిల్ము వెలుగుకి పెట్టి చూశాకే "అయ్యో" అంటుంది. అత్తేమో చెవితో బతికే మనిషి. అయినా ఇద్దరికీ బాగానే పొసిగింది. కాన్పైనప్పటి నుంచీ పాపకి నీళ్లు పోయడం, జోకొట్టడం అన్నీ ఆపరేటరమ్మే చూసుకుంటోంది. సెలవు అయిపోగానే కోడలు డ్యూటీలో చేరాలి, పాప ఈవిడ ఒళ్లో పెరగాలి. అలా అనుకున్నారు.

అంతా సవ్యంగా ఉండగా, ఒకరోజు బట్టలుతికే బండ పక్కన పాము కుబుసం కనపడింది. కోడలికి పై ప్రాణాలు పైనే పోయాయి. మర్నాడే మేస్త్రీని పిలిపించి పెరడు కొలిపించింది. చెట్లన్నీ కొట్టించి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సిమెంటు పోయించేస్తానంది. కొడుకు సంగతి చెప్పక్కర్లేదు. తల్లి దగ్గర తల్లి పాట, పెళ్లాం దగ్గర పెళ్లాం పాట. ప్రెస్సులో అర్జెంటు పనుందని ఆ పూటకి జారుకున్నాడు.

ఆపరేటరమ్మ బతిమాలింది. అలిగి ఒక పూట అన్నం మానేసింది. చివరికి కోడలే కాస్త మెత్తబడింది.

"సరే అత్తయ్యా. నేను డ్యూటీలో చేరేలోపు ఇంకొక్క పాము మన పెరట్లోకి రాలేదనుకోండి, మీ పెరడు మీది. మేస్త్రీని వెనక్కి పంపేస్తా. వచ్చిందా, ఒక్క ఆకు కూడా మిగలనివ్వను."

"వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది నీకు?"

"నాకెలా తెలుస్తుంది? మీకు తెలుస్తుందిగా! పిట్టల అరుపు వింటే చాలు, పిల్లి వచ్చిందో పాము వచ్చిందో చెప్పేస్తానంటారు. మీరే చెప్పండి. మీ మాట నమ్ముతా."

ఎవరి కేసులో వాళ్లనే సాక్షిగా నిలబెట్టడం అంటే ఇదే. ఆపరేటరమ్మ సంతోషంగా ఒప్పుకుంది. ఒప్పుకున్నాక గానీ తెలియలేదు, ఆ క్షణం నుంచి పిట్టల పాట వినడంలో ఉన్న సుఖమంతా పోయిందని. పిగిలిపిట్ట మామూలుగా గొంతు సవరించుకున్నా గుండె గుభేలుమనేది.

ఆవిడ చెప్పుకునే గొప్పల్లో అబద్ధం లేదు, నిజంగానే ఆవిడకి తెలుస్తుంది. డేగ నీడ పడితే ఎవరో ఒకరు సన్నగా ఈల వేస్తారు, వెంటనే పెరడంతా చడీచప్పుడు లేకుండా కుక్కిన పేనైపోతుంది. పిల్లి వస్తే టకటకమని తిట్టుకుంటూ కొమ్మ మార్చి కొమ్మ మీదికి గెంతుతాయి, అది అటు పోగానే వీటి పనిలో ఇవి పడతాయి. పాము వస్తే అలా కాదు. ఒకదానితో ఒకటి పడని పిట్టలు కూడా ఒక్కచోట చేరతాయి. గొంతు గీరుకుపోయేలా, ఊపిరి తీసుకోనట్టు, ఒకే అరుపు అరుస్తాయి. ఉడుత కూడా వంతపాడుతుంది. పాము కదిలినంత మేరా ఆ అరుపు మెల్లిగా జరుగుతుంది. అది గోడ దాటేదాకా వదిలిపెట్టవు.

ఒప్పందం కుదిరిన కొన్నాళ్లకి ఒకసారి ఆ అరుపు వినపడనే వినపడింది. కంచె వెంబడి జరిగి, గోడ దాటి, పక్కింటి వైపు పోయి సద్దుమణిగింది. కోడలు పాపకి టీకా వేయించడానికి వెళ్లి ఇంట్లో లేదు. వచ్చాక అడగలేదు, ఈవిడ చెప్పలేదు. అడగనప్పుడు చెప్పకపోతే అబద్ధం కాదుగా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఆ రాత్రి మాత్రం రెండుసార్లు లేచి వెనక తలుపు గడియ తడిమి చూసుకుంది.

తెల్లారితే కోడలు డ్యూటీలో చేరాలి. ఆ ఒక్క రోజూ గడిచిపోతే పెరడు దక్కినట్టే. ఇంకాసేపట్లో మేస్త్రీ వస్తాడు, "పని లేదులే" అనిపించుకుని వెళ్లిపోతాడు. ఎండ అప్పటికే పెళపెళలాడుతోంది. ఆపరేటరమ్మ వసారాలో కూర్చుని ఆ మాట కోసం చెవులు అప్పగించి ఎదురుచూస్తోంది.

అప్పుడు జామచెట్టు మీద పిగిలిపిట్ట అరిచింది.

రెండో పిగిలిపిట్ట కలిసింది. పంచాయితీ పిట్టలు తగువు మానేసి కట్టకట్టుకుని అటే ఎగిరాయి. బుల్లిపిట్ట అంత చిన్న గొంతుతో కంచె అదిరేలా అరిచింది. ఉడుత అందుకుంది. అందరి గొంతులూ కిందికే తిరిగి ఉన్నాయి, మూకుడు ఉన్న వైపుకి.

'పో. వచ్చిన దారినే పో. ఈ ఒక్క పూట నన్ను గట్టెక్కించు' అని ఆవిడ లోపల్లోపలే వేడుకుంది.

"ఏంటత్తయ్యా ఆ గోల?"

కోడలు వెనక గుమ్మంలో నిలబడి ఉంది. భుజం మీద పాప ఉందని ఆవిడకి ఆ చిన్న ముక్కు ఎగపీల్చే చప్పుడుతో తెలిసింది.

జవాబు చెప్పడానికి ఆపరేటరమ్మకి ఎంతోసేపు పట్టలేదు. అదే తర్వాత ఆవిడని ఎక్కువ కాల్చింది. తడుముకుని ఉన్నా బాగుండేది.

"పిల్లి" అంది. "పక్కింటి చారల పిల్లి."

అంతటితో ఆగలేదు. చెయ్యి విదిలించి "హుష్, పో దొంగముండా!" అని పెరటి వైపు కసిరింది కూడా. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక చోటి కబురు ఇంకో చోటికి మార్చి చెప్పని మనిషి, ఇంట్లో మొదటిసారి మార్చి చెప్పింది. గొంతు మాత్రం ఏమాత్రం వణకలేదు.

"పిల్లేనా? ఇంతలా అరుస్తున్నాయే!"

"గూళ్లలో పిల్లలున్నాయి కదా. అరవవూ మరి!"

కోడలు పాపని భుజం మార్చుకుంది. "సరే. దీనికి కళ్లు మూతలు పడుతున్నాయి, పడుకోబెట్టేస్తా. మేస్త్రీ వస్తే నన్ను పిలవండి" అని లోపలికి వెళ్లింది. వెనక గదిలో కూలర్ గుర్రుమని మొదలైంది. ఉయ్యాల చక్రం కిర్రుమంది. ఆ చక్రానికి నూనె వేస్తానని కొడుకు చెప్పని రోజు లేదు. కాసేపు జోకొట్టిన చప్పుడు. తర్వాత కోడలి అడుగులు ముందు గదిలోకి వెళ్లాయి. తెల్లారి వేసుకెళ్లాల్సిన యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది కాబోలు, నీళ్లు చిలకరించిన చోట పెట్టె చుయ్‌మంటోంది.

పిట్టల అరుపు కదిలింది. మూకుడు దగ్గర నుంచి బట్టల బండ దగ్గరికి వచ్చింది. ఆపరేటరమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. బండ దగ్గర నుంచి గోడవారకి వచ్చింది. కంచె వైపు పోవాల్సింది, ఇటు వస్తోందేం? పంచాయితీ పిట్టలు ఇంటి గోడ పక్కనే దుముకుతున్నాయి. పిగిలిపిట్టలు తీగలోకి దూరి అరుస్తున్నాయి. తేనెపిట్ట అసలు గొంతు లేనిది, అది కూడా చిప్ చిప్‌మని కొట్టుకుపోతోంది.

అంతలో అరుపులు ఆగిపోయాయి. అన్నీ ఒక్కసారే.

ఆవిడ వదిలిన ఊపిరి బరువుకి కుర్చీ కూడా కిర్రుమంది. పోయింది. పీడ విరగడైంది.

"పోయినట్టుంది కదా పిల్లి!" ముందు గదిలోంచి కోడలు అరిచి చెప్పింది.

"ఆ... పోయింది" అంది ఆపరేటరమ్మ.

ఆ మాట నోట్లో ఉండగానే చెవి ఏదో ఒప్పుకోలేదు. ఎక్స్ఛేంజీలో ఆవిడ కొత్తపిల్లలకి నేర్పిన మొదటి పాఠం ఒకటుంది. అవతలివాళ్లు ఫోను పెట్టేస్తే ఒక చప్పుడుంటుంది. ఆ చప్పుడు లేకుండా మాట ఆగిందంటే, మనిషి వెళ్లిపోలేదు, అక్కడే ఉన్నాడు. పాము గోడ దాటి పోతే పిట్టలు ఇలా ఆగవు. పిగిలిపిట్ట గోడ మీదికి ఎగిరి, అటు తిరిగి ఇంకాసేపు తిడుతుంది. పంచాయితీ పిట్టలు నేలమీదికి దిగి, ఇప్పటిదాకా ఎవరు ముందు అరిచారని మళ్లీ తగువు పెట్టుకుంటాయి. ఇప్పుడు ఎవరూ గోడ మీదికి పోలేదు. ఎవరూ కిందికి దిగలేదు. తీగలోనే ఉన్నారు, బిక్కచచ్చి.

పిట్టలు పాము కనపడినంతసేపే అరుస్తాయి. కనపడకుండా పోతే ఆగుతాయి.

చిట్టచివరి అరుపు వచ్చింది కూలర్ పక్కనుంచి.

కూలర్‌కీ కిటికీ చెక్కకీ మధ్య జానెడు సందు ఉంది. అందులో పాత దుప్పటి ముక్క కుక్కారు. కూలర్ గాలి తగిలేలా ఉయ్యాల కిటికీ కిందికే జరిపి ఉంది. ఆపరేటరమ్మ ఎప్పుడు లేచిందో, మోకాళ్లు ఎలా కదిలాయో ఆవిడకే తెలియదు. గోడ పట్టుకుని వెనక గది గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

లోపల మసకగా ఉంది. కిటికీ వైపు వెలుగు. ఆ వెలుగులో అన్నీ మబ్బుమబ్బుగా, ఒకదాన్లో ఒకటి కలిసిపోయి కనపడుతున్నాయి. కూలర్ హోరులో ఇంకే చప్పుడూ తెలియడం లేదు. జీవితంలో మొదటిసారి ఆవిడ చెవులు కూడా చేతులెత్తేశాయి.

గబుక్కున వెళ్లి పాపని ఎత్తుకొచ్చేద్దామనిపించింది. ఏడ్చింది, అందుకే ఎత్తుకున్నానని చెప్పొచ్చు. పాము దాని మానాన అది పోతుంది, పెరడు దక్కుతుంది. ఆ ఆలోచన వచ్చిందన్న సంగతి ఆవిడ తర్వాత ఎవరికీ చెప్పలేదు. కానీ పాము ఎక్కడుందో కనపడకుండా చెయ్యి ఎక్కడ పెడుతుంది? ఉయ్యాల్లోనే ఉంటే? తన చెయ్యే దాని మీద పడితే?

ఆవిడకి కళ్లు కావాలి. ఆ కళ్లు ముందు గదిలో ఇస్త్రీ చేస్తున్నాయి.

"అమ్మాయ్" అని పిలిచింది. ఎక్స్ఛేంజీ గొంతు వచ్చింది, తొణకని గొంతు. "ఇలా రా. పరిగెత్తకు. అడుగు చప్పుడు కాకూడదు."

కోడలు వచ్చింది. "ఏమైంది?"

"నేను చెప్పింది పిల్లి కాదు. పాము. నాకు తెలుసు, తెలిసే అబద్ధం చెప్పాను. అది ఈ గదిలోకి వచ్చింది. ఎక్కడుందో నాకు కనపడటం లేదు, నువ్వు చూడు."

కోడలు తన వైపు చూసిన చూపు ఆవిడకి కనపడలేదు. చెంప మీద తగిలినట్టు తెలిసింది, అంతే. తర్వాత కోడలి ఊపిరి ఆగింది.

"కిటికీ గట్టు మీద" అంది. "ఆ దుప్పటి ముక్క తోసుకుని... సగం బయట ఉంది. తల కిందికి వేలాడేసి... అత్తయ్యా, దాని తల కిందే..."

ముందుకి దూకబోయిన కోడలి మణికట్టు ఆపరేటరమ్మ చేతికి దొరికింది. ఎంత గట్టిగా పట్టుకుందో, తర్వాత ఆ చోట కమిలింది.

"వదలండి!"

"నువ్వు వెళ్తే దాన్ని చూసేదెవరు? నాకు కనపడదు. నేను వెళ్తాను, నువ్వు చూస్తూ నాకు చెప్పు. ఆగమంటే ఆగుతాను. పద అంటే కదులుతాను."

"మీ మోకాళ్లతో..."

"మోకాళ్ల సంగతి నాకు వదిలెయ్. నువ్వు దాని మీద నుంచి కన్ను తీయకు."

ఆపరేటరమ్మ చెప్పులు గుమ్మంలోనే విడిచింది. అరికాలు నేలకి ఆనించి, ఇంకో కాలు లాక్కుని, మెల్లిగా కదిలింది. వెనక కోడలి గొంతు ఒక్కటే దారి. మాట నమ్ముతానన్న పిల్లకి అబద్ధం చెప్పి, ఇప్పుడు ఆ పిల్ల మాట పట్టుకునే నడుస్తోంది.

"రండి... ఇంకొంచెం... ఎడమకి. ఆగండి!"

ఆగింది.

"పర్లేదు. అటు తిరిగింది. ఇప్పుడు."

చెయ్యి ఉయ్యాల కమ్మీకి తగిలింది. లాగితే చక్రం కిర్రుమంటుంది. ఎత్తాల్సిందే. వంగబోయింది.

వీధి గుమ్మంలో బెల్లు మోగింది. "అమ్మగారూ! మేస్త్రీనండీ!"

"కదలకండి" అంది కోడలు. అది మాట కాదు, ఊపిరి. "పడగ ఎత్తింది. మీ వైపే చూస్తోంది. కదలకండి అత్తయ్యా, కదలకండి."

ఆపరేటరమ్మ వంగినది వంగినట్టే ఉండిపోయింది. ముఖానికి ఎదురుగా, ఎంత దూరంలోనో తెలియదు, బుస్సుమన్న చప్పుడు మాత్రం కూలర్ హోరుని చీల్చుకుని వినపడింది. నడుం విరిగిపోతోంది. కింద పాప ఉలిక్కిపడి కాళ్లు తన్నింది. ఏడిస్తే? చేతులు ఊపితే? 'నన్ను కాటెయ్' అనుకుంది ఆవిడ, నిజంగానే అనుకుంది. 'తప్పు నాది. నన్ను కరిచి పో.'

మళ్లీ బెల్లు. "అమ్మగారూ, ఉన్నారాండీ?"

కూలర్ గాలికి వేలాడుతున్న దుప్పటి ముక్క టపటపా కొట్టుకుంది.

"ఆ దుప్పటి వైపు తిరిగింది... పడగ దించుతోంది... ఇప్పుడు. అత్తయ్యా, ఇప్పుడే!"

రెండు చేతులూ కిందికి వెళ్లి ఆ వెచ్చని ముద్దని పట్టుకున్నాయి. ఎత్తింది. వెనక్కి ఒక అడుగు, ఇంకో అడుగు. మూడో అడుగుకి మోకాలు మడతపడింది, పడబోతుంటే కోడలు పాపనీ ఆవిడనీ కలిపి గుమ్మం బయటికి లాగేసింది. తలుపు దబ్బున మూసి, కింద సందులో తడిబట్ట కుక్కింది. పాప ఇల్లెగిరిపోయేలా ఏడుపు లంకించుకుంది.

కోడలు పాపని ఆవిడ చేతుల్లోంచి తీసుకుంది. తీసుకుందనడం మర్యాదకి, లాక్కుంది. ముందు గదిలో మంచం మీద పడుకోబెట్టి, బట్టలన్నీ విప్పేసి, వేలు వేలూ, మడత మడతా వెతికింది. ఏ గాయమూ లేదు. అయినా మళ్లీ మొదటి నుంచి వెతికింది.

మేస్త్రీ సంగతి తెలిసి అరుగు మీదికి ఎగిరి కూర్చున్నాడు. "నాకు సిమెంటు పనే వచ్చమ్మా, పాముల పని రాదు" అని అక్కడి నుంచే ఫోను చేసి పాములు పట్టే అతన్ని పిలిపించాడు. అతను వంపు తిరిగిన కడ్డీతో దాన్ని కూలర్ వెనక నుంచి లాగి గోనెసంచిలో వేశాడు. తాచు. నిలువెత్తుంది.

"గోడంతా తీగ అల్లుకుని నిచ్చెనలా ఉంటే ఎక్కక ఏం చేస్తుందమ్మా" అన్నాడు. "పైన పిట్టగూడు కూడా పెట్టారు."

గూడు చిరిగి వేలాడుతోందని మేస్త్రీ చెప్పాడు. లోపల ఏమీ లేవు. తేనెపిట్ట మాత్రం తీగ చుట్టూ తిరుగుతూ చిప్ చిప్‌మంటూనే ఉంది. ఆపరేటరమ్మకి కళ్లనిండా నీళ్లొచ్చాయి. పిట్టపిల్లల కోసం ఏడుస్తున్నందుకు సిగ్గేసి, కొంగుతో తుడిచేసుకుంది.

"మరి పెరడంతా పోసేయమంటారా?" మేస్త్రీ టేపు తీశాడు.

"పోసెయ్యి నాయనా" అంది ఆపరేటరమ్మ. "చెట్లు కూడా కొట్టెయ్యి."

"వద్దు" అంది కోడలు. పాప భుజం మీద నిద్రపోయింది. "తీగ పీకేయండి. ఇంటి గోడ చుట్టూ ఒక బారు వెడల్పున సిమెంటు వేయండి. కిటికీకి జాలీ బిగించండి, నీళ్ల మూకుడు ఆ మూలకి జరపండి. చెట్ల జోలికి వెళ్లొద్దు."

ఆపరేటరమ్మ తెల్లబోయి అటు తిరిగింది. కోడలు ఆవిడ దగ్గరికి వచ్చింది. కోపంగా అని ఉంటే భరించేది. మెల్లిగా అంది.

"పిట్టలు నిజమే చెప్పాయి అత్తయ్యా. అబద్ధం చెప్పింది మీరు."

తెల్లారి కోడలు డ్యూటీకి వెళ్లింది. పాపని కూడా తీసుకెళ్లింది. హాస్పిటల్లో పనిచేసేవాళ్ల పిల్లల్ని చూసుకునే గది ఒకటుందట, అక్కడ ఆయా ఉంటుందట. కొడుకు ఏదో సర్దిచెప్పబోతే ఆపరేటరమ్మే వద్దంది. చెట్లు మిగిలాయి, పాప మిగల్లేదు. అడిగే ముఖం లేదు. ఎండలు తగ్గేదాకా ఆగకుండా వెళ్లి ముందు ఒక కంటికి ఆపరేషన్ చేయించుకుంది. పొర తీసేశాక ఇల్లంతా వెలుగే, ఆ వెలుగులో ఖాళీ ఉయ్యాల మరీ స్పష్టంగా కనపడేది.

కోడలు మాట్లాడటం మానేయలేదు. వడ్డించేది, కంట్లో చుక్కలు వేసేది. సెలవు రోజుల్లో పాపని ఎత్తుకుని వసారాలో కూర్చునేది కూడా. కానీ పెరట్లో ఏ పిట్ట అరిచినా, "ఏంటది?" అని అడిగేది. "డేగ" అని ఈవిడ చెప్పేది. కోడలు లేచి, కొంగు బిగించుకుని, పెరట్లోకి వెళ్లి ఆకాశంలోకి చూసి వచ్చేది. "పిల్లి" అని చెప్తే కంచె కింద వంగి చూసి వచ్చేది. ఒక్కసారి కూడా చూడకుండా ఒప్పుకోలేదు. ప్రతిసారీ ఆపరేటరమ్మకి మనసు చివుక్కుమనేది.

అలా కొన్నాళ్లు గడిచాయి. ఒక పొద్దున కోడలు డ్యూటీకి తయారై, భుజానికి పాప సంచీ తగిలించుకుని, వంటింట్లో పాలసీసా కడుగుతోంది. ఆపరేటరమ్మ వసారాలో ఉంది. జామచెట్టు అవతల గోడ దగ్గర అరుపు మొదలైంది. ఒక్కో గొంతూ వచ్చి కలిసింది. గీరుకుపోయేలా, ఊపిరి తీసుకోనట్టు.

పాలసీసా కడిగే చప్పుడు ఆగింది. కాసేపటికి కోడలు గుమ్మంలోకి వచ్చింది.

"ఏంటత్తయ్యా అది?"

ఆపరేటరమ్మ జామచెట్టు వైపు చూసింది. కొత్త కంటికి ఆకుల మీద ఎండ ఎంతో బాగా కనపడుతోంది. ఇప్పుడు చెప్తే ఈ చెట్టు కూడా ఉండదు. కంచె ఉండదు. పాప ఈ వసారాలోకి మళ్లీ రాదు. అన్నీ తెలుసు.

"పాము" అంది. "జామచెట్టు వెనక. మన గోడ ఇవతలే ఉంది."

కోడలు పెరట్లోకి దిగలేదు. కొంగు బిగించలేదు. అక్కడే నిలబడింది.

"వంటింటి కిటికీలోంచి చూశాను" అంది. "జెర్రిపోతు, విషం లేనిదే. అరుపు వినగానే పామే అనుకున్నా, చూస్తే అదే. మీరేం చెప్తారో విందామని అడిగాను."

ఆపరేటరమ్మ జామచెట్టు మీద నుంచి చూపు తిప్పి కోడలిని చూసింది.

కోడలు భుజం మీది సంచీ దించి కుర్చీ పక్కన పెట్టింది. లోపలికి వెళ్లి, నిద్రలో ఉన్న పాపని తెచ్చి, ఆవిడ ఒళ్లో పడుకోబెట్టింది.

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, లేచాక వెచ్చబెట్టి పట్టండి. అది గోడ దాటేదాకా తలుపు వేసుకుని లోపల కూర్చోండి" అని చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

ఆపరేటరమ్మ పాపని గుండెకి హత్తుకుని లోపలికి వచ్చి తలుపు వేసుకుంది. తలుపుకి చెవి ఆనించి నిలబడింది. పిగిలిపిట్ట గోడ మీదికి ఎగిరి, అటు తిరిగి ఇంకాసేపు తిట్టింది. పంచాయితీ పిట్టలు నేలమీదికి దిగి తగువు పెట్టుకున్నాయి. అంతా విన్నాక కూడా ఆవిడ తలుపు తీయలేదు, పాప లేచేదాకా అలాగే కూర్చుంది.